నాయనను కాటా ఎక్కించిన వేసవి

కన్నతండ్రిని ప్రతి శుక్రవారం పత్తి కాటా మీద నిలబెట్టి తూచినవాణ్ణి నేను. అప్పట్లో అది మంచిపనే అనుకున్నాను. తండ్రిని ఇంత శ్రద్ధగా చూసుకునే కొడుకు ఈ రోజుల్లో ఎవడున్నాడని మిల్లులో హమాలీలు కూడా మెచ్చుకున్నారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది.

ఎనభైల్లో సగం దాటిన రోజులవి. సత్తెనపల్లి దగ్గర ఒక జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తాగా ఉండేవాణ్ణి. బండ్ల మీద వచ్చే పత్తి బోరేలను తూచడం, తేమ చూసి తరుగు తీయడం నా పని. బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపల నీళ్ళు చల్లారో లేదో చెప్పేసేవాణ్ణి. రైతులు నన్ను నోటికొచ్చినట్టు తిట్టుకునేవాళ్ళు. నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మనుషులు చెప్పేదానికంటే కాటా ముల్లు చూపించేదే నాకు నమ్మకం. ఇంట్లో కూడా అంతే, అన్నింటికీ ఒక కొలత ఉండాలి, ఆ కొలత నా చేతిలో ఉండాలి. దానికి తోడు కోపం. మా ఆవిడ ఆ రెండిటితోనూ ఎలా కాపురం చేసిందో ఆమెకే తెలియాలి.

మేం దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ ముక్క రాదు. రంజాన్ నెలలో ఉపవాసాన్ని కూడా రోజా అనకుండా ఒక్కపొద్దు అనే అనేవాళ్ళం. నాయన నలభై ఏళ్ళు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకాడు. ఎవరి వసారాలోనో కూర్చుని ఆ విల్లు తాడు మీద కొయ్య సుత్తితో కొడుతుంటే, గడ్డకట్టిన పాత పరుపు దూది పొంగి గది నిండా లేచేది. మిల్లు పరుపులు వచ్చాక ఆ పని మూలపడింది. అమ్మ పోయాక ఆయన్ని తెచ్చి మిల్లు క్వార్టర్లో మాతో ఉంచుకున్నాను. విల్లు కూడా తనతో తెచ్చుకుని గోడకు తగిలించుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి ఆయన చొక్కా ఆయన మీద వేలాడసాగింది. నోట్లో పళ్ళు లేవు. మా వైపు కూరల్లో కారానికి దగ్గు ఆగేది కాదు. నాలుగు మెతుకులు మజ్జిగలో కలుపుకుని, "చాల్లేరా, ఆకలి లేదు" అనేవాడు. ఒకరోజు గుమ్మం దాటబోతూ కళ్ళు తిరిగి పడిపోయాడు. బజారులో డాక్టరుగారికి చూపించాను. ఆయన పరీక్షలన్నీ చేసి, "జబ్బేమీ లేదయ్యా, ఒంట్లోకి తిండి పోవడంలేదు, అంతే" అని ఒక పొడి డబ్బా రాశాడు. రోజూ సాయంత్రం గ్లాసు పాలల్లో మూడు చెంచాలు కలిపి ఇవ్వాలి. డబ్బా పది రోజులకు వస్తుంది. నెలకు మూడు.

మందుల షాపులో ధర చెప్పగానే నా చెయ్యి జేబులోనే ఆగిపోయింది. మూడు డబ్బాలూ, వాటికి పాలూ కలిపితే నా జీతంలో ఆరో వంతు. అయినా కొన్నాను. కొని, దాన్ని నలుగురికీ కనిపించేలా చేతిలో పట్టుకుని నడిచి ఇంటికొచ్చాను. అదొక గొప్ప.

మా ఆవిడ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ డబ్బుతో రోజూ రెండు ఉడకబెట్టిన గుడ్లు, రాగిజావ, ఇన్ని వేరుశెనగపప్పులు దంచి బెల్లంతో పెడతానండీ. మావయ్యకే కాదు, ఆయన లాంటి ఇంకొకరికి కూడా సరిపోద్ది" అంది.

"డాక్టరుకు తెలియనిది నీకు తెలిసొచ్చిందా?" అన్నాను.

ఆమె డబ్బా అరలో పెట్టేసింది. ఎవరా ఇంకొకరు అని నేను అడగలేదు. మాటవరసకు అన్నదనుకున్నాను.

మొదటి శుక్రవారం నాయనను కాటా మీద నిలబెట్టాను. చెప్పులు విప్పించాను, తలపాగా తీయించాను. ముప్పై ఎనిమిది కిలోలు. కాటా గది గోడ మీద బొగ్గుతో రాశాను. మొదటి డబ్బా అయిపోయేసరికి ముప్పై ఎనిమిదిన్నర అయ్యాడు. రెండో డబ్బాకి ముప్పై తొమ్మిదికి కాస్త తక్కువ. హమాలీలు చప్పట్లు కొట్టారు. నాయన సిగ్గుపడి నవ్వాడు. ఆ నవ్వు ఆ కాటా మీద నేను చూసిన ఆఖరి నవ్వు.

అప్పుడే రంజాన్ నెల దగ్గరపడింది. నడి వేసవి. రోళ్ళు పగిలే ఎండలు. నాయన తన పన్నెండో ఏట మొదలుపెట్టి ఒక్క ఏడాది కూడా ఒక్కపొద్దు వదల్లేదు. ఈసారి డాక్టరు వద్దన్నాడని నేను ససేమిరా అన్నాను. నాయన రెండు రోజులు ఆలోచించి, మసీదుకెళ్ళి ముల్లాగారిని అడిగి వచ్చాడు.

"వయసుడిగినోళ్ళకి ఉండకపోయినా పర్వాలేదంటరా. కాకపోతే ఉండని రోజుకి ఒక పేదోడి కడుపు నింపాలంట. ముప్పై రోజులు" అన్నాడు.

దాన్ని ఫిద్యా అంటారని నాకూ తెలుసు. లెక్క వేశాను. ముప్పై మందికి కాకపోయినా ఒక మనిషికి ముప్పై రోజుల తిండి. మూడు డబ్బాలు కొన్న తర్వాత అది ఎక్కడి నుంచి వస్తుంది? పైగా సీజను అయిపోవస్తోంది, వచ్చే నెల నుంచి మిల్లు మూసేస్తే సగం జీతమే.

"నీ డబ్బాలకే తడిసి మోపెడవుతోంది నాయనా. ఉన్నదంతా నీకే పెడుతున్నాం కదా. దేవుడు అదే లెక్కలో వేసుకుంటాడులే" అన్నాను.

ఆయన "సర్లేరా" అన్నాడు. కొడుకు చేత ఇంత డబ్బు ఖర్చు పెట్టిస్తున్నాననే బాధ ఆయన గొంతులో ఉంది. అది నాకు వినబడింది. వినబడీ ఊరుకున్నాను, ఆ బాధ ఉంటే మాట వింటాడని.

ఆ నెల రెండో శుక్రవారానికి ముల్లు వెనక్కి నడిచింది. ముప్పై ఎనిమిది. మూడో శుక్రవారానికి ముప్పై ఏడుంపావు. నేను కాటాను అనుమానించాను. తూకపు రాళ్ళు పెట్టి సరిచూశాను. కాటా బాగానే ఉంది. ఇక మిగిలింది మనుషులు.

మొట్టమొదట ఎవరిని అనుమానించానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మా ఆవిడని. పిల్లలకు కలిపి ఇస్తోందనుకున్నాను. అడిగాను కూడా, వంటింట్లో, పిల్లల ఎదుట. "పొడి ఎటు పోతోంది?" అని. ఆమె అట్లకాడ పక్కన పెట్టింది.

"డబ్బా మీ పెట్టెలో పెట్టుకుని తాళం వేసుకోండి. నేనిక దాన్ని ముట్టను" అంది.

నిజంగానే తాళం వేశాను. ఆ రోజు నుంచి సాయంత్రం నేనే పాలు వెచ్చబెట్టి, చెంచాతో గీసి కొలిచి, గ్లాసు నాయన మంచం పక్కన పెట్టి, ఒక్కపొద్దు విడవడానికి మసీదుకు వెళ్ళేవాణ్ణి. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీగా, కడిగి బోర్లించి ఉండేది. నాకు తృప్తిగా ఉండేది.

ఇరవై ఒకటో రోజున ఖర్జూరాల పొట్లం ఇంట్లో మర్చిపోయి సగం దారి నుంచి వెనక్కి వచ్చాను. క్వార్టర్లకు ఎదురుగా, రోడ్డు దాటగానే, ఒక మిర్చి వ్యాపారి ఖాళీ స్థలం ఉండేది. మిరపకాయలు అక్కడ పోసి, కూలి ఆడవాళ్ళ చేత ముచ్చికలు తీయించేవాళ్ళు. అంటే కాయ కాయకూ తొడిమ తుంచడం. రోజంతా ఆ ఘాటులో కూర్చోవాలి, చేతులు మండుతుంటాయి, కూలి మాత్రం తట్టకింత. చేతులు చురుగ్గా ఆడేవాళ్ళకే అందులో గిట్టుబాటు.

రోడ్డు మీద నాయన వెళ్తున్నాడు. ఒక చేతిలో స్టీలు గ్లాసు, దాని మీద కండువా అంచు కప్పి. రెండో చేతిలో మూతగిన్నె. పాలు తొణక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

ఆ స్థలం మూల, ఎండుటాకుల పందిరి కింద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. మిరప కోతలకు కనిగిరి వైపు నుంచి గుంపుగా కూలీలు వస్తారు. కోతలయ్యాక గుంపు వెళ్ళిపోయింది, ఈమె ముచ్చికల పనికి ఉండిపోయింది. వెళ్ళినా అక్కడ వానలు లేవు, పనిలేదు. నేను రోజూ ఆ దారినే వెళ్తూ ఆమెను వంద సార్లు చూసి ఉంటాను. నాయన ఆమె ముందు గొంతుకూర్చుని గ్లాసు అందించాడు. ఆమె రెండు చేతులతో పట్టుకుని తాగడం మొదలుపెట్టింది. తాగుతున్నంతసేపూ నాయన ఆమె గొంతు వైపే చూస్తున్నాడు. నేను ముల్లు వైపు చూసినట్టు.

నాకు ఒళ్ళు తెలియలేదు. ఒక్క అంగలో వెళ్ళి ఆమె చేతిలోంచి గ్లాసు లాగేశాను.

"సిగ్గులేదటే నీకు? చావబోయే ముసలోడి నోటికాడిది లాక్కుని తాగుతున్నావా? ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది ఈ దొంగతనం?"

ముచ్చికలు తీస్తున్న ఆడవాళ్ళందరూ పని ఆపారు. ఆ విసురుకి గ్లాసులో మిగిలిన పాలు ఆమె ముందున్న తొడిమల కుప్ప మీద ఒలికిపోయాయి. ఆమె పెదాల మీద తెల్లటి చార అలాగే ఉంది. కొంగుతో తుడుచుకుంది.

"నేనడగలేదు నాయనా. ఆయనే తెచ్చి ఇచ్చేది. నువ్వు తాగితే నా ఒక్కపొద్దు తీరుద్దమ్మా అంటాడు. ఆ మాటకి అర్థమేందో నాకేం తెలుసు? పెద్దాయన, కాదంటే చిన్నబోతాడని తాగా" అంది.

"ఒరేయ్, ఆమెనేం అనబాక. నేనే" అన్నాడు నాయన. లేవడానికి నేల మీద చెయ్యి ఆనించి, లేవలేక అలాగే ఉండిపోయాడు. నేనే రెక్క పట్టి లేపాను. రెక్కలో ఎముక తప్ప ఏమీ తగల్లేదు. ఆ చేత్తోనే ఆయన్ని ఇంటికి నడిపించుకొచ్చాను.

మా ఆవిడ గుమ్మంలో ఉంది. నాయన చేతిలో మూతగిన్నె చూడగానే అసలు సంగతి నాకు అప్పుడు తట్టింది. "నీకు తెలుసా ఇది?" అన్నాను.

"పది రోజులుగా తెలుసు. గిన్నెలో అన్నం నా వాటాలోది. డబ్బా మాత్రం నేను ముట్టలేదు. ముట్టనన్నానుగా" అంది.

ఆ రాత్రి ఎవరం సరిగా తినలేదు. నాయన మంచం మీద కూర్చుని మెల్లగా అన్నాడు.

"ఇయ్యాల సగమే తాగింది. ముప్పై రోజుల్లో ఇంకా తొమ్మిదిన్నర బాకీ ఉన్నాయిరా."

"పండగ వెళ్ళనీ నాయనా. ఎవరో ఒకరికి బియ్యం కొలిచిద్దాం. ముందు నువ్వు తాగు" అన్నాను.

మర్నాటి నుంచి మసీదుకు వెళ్ళేముందు ఆయన ఎదురుగా నిలబడి తాగించాను. చివరి గుక్క దాకా. ఆయన చిన్నపిల్లాడిలా తాగి, గ్లాసు నాకిచ్చి, అటు తిరిగి పడుకునేవాడు. ముసలమ్మ మర్నాడు పనిలోకి రాలేదు. అంతమందిలో దొంగ అనిపించుకుని ఎలా వస్తుంది? బస్సెక్కి వెళ్ళిపోయిందన్నారు. ఏ ఊరో సరిగా ఎవరికీ తెలియదు, కనిగిరి అవతల ఎక్కడో అన్నారు. పేరు నేను అడగలేదు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం ఇంట్లోంచి పాత చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే నాయన గోడ మీది విల్లు దించి, పక్కింటివాళ్ళ పాత దిండు విప్పుకుని ఏకుతున్నాడు. ముఖమంతా దూది. దగ్గుతున్నాడు. సుత్తి ఎత్తడానికి రెండు చేతులూ కావాల్సి వస్తోంది.

"ఏం చేస్తున్నావు? గ్రాము గ్రాము పోగేసి పెంచిన బరువంతా ఆ విల్లు కొట్టి దించుకుంటావా?" అని కేకలేశాను.

"రెండు దిండ్లు ఏకితే పది రోజుల బియ్యం వస్తయ్యిరా. ఒకళ్ళకి సరిపోతయ్" అన్నాడు.

నేను వినలేదు. విల్లు తీసుకెళ్ళి మిల్లు గోడౌను అటక మీద పడేశాను. ఆయన తన బాకీ తన చేతులతో తీర్చుకోవాలనుకున్నాడు. ఆ చేతుల్లోంచి కూడా లాగేశాను. ఆ ఆడమనిషి చేతిలోంచి లాగింది ఒక తప్పు. ఇది ఇంకొకటి.

పండగ ముందు శుక్రవారం కాటా ఎక్కించాను. ముప్పై తొమ్మిది మీద ఒక రవ్వ. నేను గెలిచాను. గోడ మీద పెద్దగా రాశాను. తర్వాత డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్తే ఆయన కూడా సంతోషించాడు.

"నీ భార్య చెప్పిందే, గుడ్లూ జావా పెట్టినా ఇంతే పెరిగేవాడయ్యా, అందులో సగం ఖర్చుతో. ఉద్యోగస్తుడివి కదా, కొనగలవని డబ్బా రాశాను" అన్నాడు నవ్వుతూ. మా ఆవిడ మాట ఆయన చెవిలో ఎవరు వేశారంటే, నేనే. ఆడవాళ్ళ తెలివితేటలు చూడండని నవ్వులాటగా చెప్పాను.

దారిలో నాయన వెనక నడుస్తూ లెక్క చూసుకున్నాను. ఆ డబ్బుతో ఇద్దరు. ఆ ఇంకొకరు నిజంగానే రోడ్డుకు అవతల కూర్చుని ఉంది. ఇద్దరికీ సరిపోయేది నా చేతిలోనే ఉంది. ఒకరి కోసమని ఖరీదైనది కొని, రెండోవాళ్ళని దొంగని చేశాను. తేమ కనిపెట్టే చెయ్యి అని అంత గర్వపడ్డానే, ఆ ముసలమ్మ ముంజేతులు ఎంత సన్నగా ఉన్నాయో గ్లాసు లాగుతున్నప్పుడు నా కంటికి ఆనలేదు. ఆమెను కాటా ఎక్కించాలని నాకు తోచనే లేదు.

పండగ వెళ్ళింది. బియ్యం కొలిచి ఇద్దామనే అనుకున్నాను. మిల్లు మూసేశారు, సగం జీతం. పిల్లల బడి ఫీజులు. వానలు పడ్డాక చూద్దామనుకున్నాను. తర్వాత పత్తి సీజను వచ్చింది, బోరేల మధ్య పడి అసలు మర్చేపోయాను. నాయన ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. మరుసటి ఏడాది రంజాన్‌కి మాత్రం మాట ఎత్తకుండా నేనే ముప్పై రోజులకూ ఇచ్చాను. ఆయన, "ఇవి ఈ ఏడాదివిరా" అన్నాడు. అప్పుడు నేను ఏదో పనిలో ఉన్నాను. ఊఁ అన్నాను.

ఆ చలికాలమే పోయాడు. నిద్రలో, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. చివరిసారి తూచినప్పుడు నలభై కిలోలు ఉన్నాడు.

మాలో మయ్యత్తు నమాజుకు, అంటే శవం ముందు చేసే ప్రార్థనకు, ముందు ఒకటి అడుగుతారు. అందరూ వరసల్లో నిలబడ్డాక, ముల్లాగారు కొడుకు వైపు తిరిగి గట్టిగా అడుగుతాడు, ఈయన ఎవరికైనా బాకీ ఉన్నాడా, ఉంటే చెప్పండి, వారసులు తీరుస్తారు అని. అది వినడానికే కొందరు ముందుకు వస్తారు. ఆ రోజు మిల్లువాళ్ళూ, హమాలీలూ, పక్కిళ్ళవాళ్ళూ అందరూ ఉన్నారు. అందరూ నా వంక చూస్తున్నారు.

"ఏమీ లేవండీ" అన్నాను. గొంతు గట్టిగానే పలికింది. తడుముకోలేదు కూడా. మట్టి చేసి ఇంటికి వచ్చాం.

ఆడవాళ్ళు శ్మశానానికి రారు. మా ఆవిడ వాకిట్లో నాకు కాళ్ళకు నీళ్ళిచ్చి, పక్కనే నిలబడింది.

"బాకీల సంగతి అడిగారా?" అంది.

"అడిగారు."

"ఏం చెప్పారు?"

"ఏమీ లేవన్నాను."

ఆమె ఖాళీ చెంబు నా చేతిలోంచి తీసుకుంది. నా మీద కోప్పడలేదు, ఏడవనూ లేదు. మామూలుగా, అంగడి సరుకులు గుర్తుచేసినట్టు అంది.

"తొమ్మిదిన్నర."